ఊరికే పోదు ఫ్యూజు!

కొత్తది వేస్తే పోతుంది. మళ్లీ వేస్తే మళ్లీ పోతుంది. విసుగొచ్చి ఇంకాస్త పెద్దది వేస్తే... ఈసారి పోయేది ఫ్యూజు కాదు, కారే కావచ్చు! పదేపదే ఫ్యూజు ఎగిరిపోతోందంటే కారు మనకేదో చెప్పాలని చూస్తోందన్నమాట. ఆ మాట వినడం ఎలాగో, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలాగో చూద్దాం రండి.

రాత్రి పూట హైవే మీద వెళ్తోంది కారు. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. ఏసీ పనిచేస్తోంది. పాటలూ వస్తున్నాయి. మీటర్ల వెనకుండే చిన్న లైట్లు మాత్రం ఉన్నట్టుండి ఆరిపోయాయి. 'ఏదో బల్బు పోయుంటుంది, రేపు చూద్దాంలే' అనుకుంటారెవరైనా. కానీ అదే క్షణంలో కారు వెనక ఉండే ఎర్రలైట్లు కూడా ఆరిపోయి ఉండొచ్చని లోపల కూర్చున్నవాళ్లకి తట్టదు. చాలా కార్లలో ఆ రెండింటికీ ఒకటే ఫ్యూజు మరి! వెనకాల వస్తున్న లారీ డ్రైవరుకి తన ముందు ఒక కారుందన్న సంగతి దగ్గరికొచ్చేదాకా తెలియదు.

మర్నాడు మెకానిక్ దగ్గరికెళ్తే నిమిషంలో కొత్త ఫ్యూజు వేసి పంపిస్తాడు. రెండ్రోజులు బాగానే ఉంటుంది. మళ్లీ అదే కథ. ఇలా మూడుసార్లయ్యాక చాలామంది చేసే పని ఒకటుంది. పదికి బదులు ఇరవయ్యో, ముప్ఫయ్యో ఆంపియర్ల ఫ్యూజు వేయించడం. అక్కడే మొదలవుతుంది అసలు ప్రమాదం.

కరిగిపోవడమే దాని ఉద్యోగం

ఊళ్లలో 'ఫీజు' అన్నా, పట్నంలో 'ఫ్యూజు' అన్నా అది ఒక సన్నటి లోహపు ముక్క. దారిలో ఎక్కడైనా తేడా వచ్చి కరెంటు హద్దు మీరితే ముందు తాను వేడెక్కి, కరిగి, తెగిపోతుంది. ఆ దారి మొత్తాన్నీ ఆపేస్తుంది. తను పోయి మిగతావాటిని కాపాడటమే దాని పని. ఈ ఆలోచన కారుకంటే పాతది. టెలిగ్రాఫ్ కేంద్రాలను పిడుగుల నుంచి కాపాడటానికి మధ్యలో సన్నటి తీగ పెట్టాలని 1847లోనే ఫ్రాన్స్‌కి చెందిన బ్రెగే సూచించాడు. బల్బుతో లోకానికి తెలిసిన థామస్ ఎడిసన్ 1890లో ఫ్యూజుకి పేటెంట్ తీసుకున్నాడు.

పాత కార్లలో గాజుగొట్టం ఫ్యూజులుండేవి. ఇప్పుడు మనం చూసే రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజు 1976లో అమెరికాలో వచ్చింది. దాని రంగు చూస్తే చాలు, ఎన్ని ఆంపియర్లదో తెలిసిపోతుంది. గోధుమరంగుది ఏడున్నర, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగులేకుండా ఉండేది 25, ఆకుపచ్చది 30.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫ్యూజు కాపాడేది బల్బునో, స్టీరియోనో అనుకుంటారు. కాదు, ప్రధానంగా అది కాపాడేది వైరుని! కార్పెట్ కింద, డోరు సందుల్లో, పెట్రోలు ట్యాంకు పక్కనుంచి పాములా పాకుతూ వెళ్లే ఆ వైరు మందం ఎంతో చూసి, అది ఎంత కరెంటు తట్టుకోగలదో లెక్కగట్టి, దానికి తగ్గ ఫ్యూజు పెడతారు ఇంజినీర్లు.

ముప్ఫై వేస్తే ఏమవుతుంది?

చిన్న లెక్క చూద్దాం. వెనక ఎర్రలైట్లు రెండు, ముందు చిన్నలైట్లు రెండు, నంబరు ప్లేటు లైటు... ఒక్కొక్కటి 5 వాట్లు. మీటర్ల వెనకవి మరో 5 వాట్లు అనుకుందాం. అన్నీ కలిపి 30 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు కాబట్టి కరెంటు రెండున్నర ఆంపియర్లు. దానికున్న ఫ్యూజు 10 ఆంపియర్లది. అంటే మామూలుగా వాడే కరెంటుకి నాలుగింతలు వస్తే తప్ప అది పోదు. మరి పోతోందంటే? ఎక్కడో వైరు ఒరిసిపోయి, లోపలి రాగి తీగ కారు బాడీకి తగులుతోందన్నమాట. కారులో బ్యాటరీ నెగెటివ్‌ని బాడీకే కలుపుతారు. ఒక్కో బల్బుకీ రెండు వైర్లు లాగకుండా, తిరుగుదారిగా బాడీనే వాడుకుంటారు. అందుకే పాజిటివ్ వైరు ఎక్కడ ఒరిసి ఇనుముకి తగిలినా షార్ట్ సర్క్యూటే!

పదేపదే షార్ట్ అయ్యే ఆ సన్నటి వైరుకి ముప్ఫై ఆంపియర్ల ఫ్యూజు పెట్టామనుకోండి. కరెంటు మూడింతలు పెరిగితే వైరులో పుట్టే వేడి తొమ్మిదింతలవుతుంది. ముందు పైనున్న ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుతుంది. తర్వాత కరుగుతుంది. అదే కట్టలో ఉన్న పక్క వైర్లకి అంటుకుంటుంది. పక్కనే కార్పెట్, సీటు ఫోమ్ ఉన్నాయి. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. కరిగిపోవాల్సింది కరగకపోతే, కరగకూడనివన్నీ కరుగుతాయి.

సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టడం, పాత ఫ్యూజు కాళ్లకి రాగితీగ మెలేసి గుచ్చడం ఇంకా ఘోరం. అప్పుడు ఆ దారికి కాపలాదారే ఉండడు. కారు బ్యాటరీ పన్నెండు వోల్టులే కదా, షాకేం కొడుతుందిలే అనుకోవద్దు. నిజమే, షాక్ కొట్టదు. కానీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు గుమ్మరించగలదు. ఇంజిన్ తిప్పే సెల్ఫ్ మోటారుకి అంత కరెంటు ఇచ్చేది అదే కదా!

తర్వాత బిగించుకునే సామానుతోనూ ఇదే చిక్కు. 2009లో మార్కెట్లోకి వచ్చిన టాటా నానో కార్లు కొన్ని మంటల్లో చిక్కుకున్నప్పుడు కంపెనీ దర్యాప్తు చేయించింది. బయట బిగించిన అదనపు ఎలక్ట్రికల్ సామాను, సైలెన్సర్ మీద చేరిన ఇతర వస్తువులు కారణాలని చెప్పింది. 2010 చివర్లో ఆ కార్ల ఎలక్ట్రికల్, సైలెన్సర్ భాగాలకు ఉచితంగా అదనపు రక్షణ ఏర్పాట్లు చేస్తామని ముందుకొచ్చింది.

ఎప్పుడు పోతోంది... అదే తొలి ఆధారం

డాక్టరు దగ్గరికెళ్తే 'జ్వరం ఎప్పుడొస్తోంది? పొద్దున్నా, సాయంత్రమా?' అనడుగుతాడు. ఫ్యూజుకీ అదే ప్రశ్న.

పెట్టీపెట్టగానే, స్విచ్ వేయకుండానే టప్పున పోయిందా? అయితే తప్పు ఫ్యూజుకీ స్విచ్‌కీ మధ్య ఉంది. స్విచ్ వేశాక పోయిందా? స్విచ్ దాటాక ఉంది. గతుకుల రోడ్డు మీదో, డోరు తీసినప్పుడో, రివర్స్ గేరు వేసినప్పుడో, వానలో తడిసినప్పుడో మాత్రమే పోతోందా? కదిలేచోట వైరు ఒరుస్తోంది, లేదా ఎక్కడో నీరు చేరుతోంది.

అలా కాకుండా పది నిమిషాలు చక్కగా పనిచేసి తర్వాత పోతోందా? అప్పుడు అనుమానించాల్సింది షార్ట్‌ని కాదు, ఓవర్‌లోడ్‌ని. ఎందుకంటే ఫ్యూజు తెగే వేగం కరెంటుని బట్టి ఉంటుంది. పది ఆంపియర్ల ఫ్యూజులో 11 ఆంపియర్లు పోతుంటే అది వంద గంటలైనా ఓర్చుకోవాలి. పదమూడున్నర పోతుంటే తెగడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు. అదే 20 పోతే అయిదు సెకన్లలోపే తెగిపోతుంది. నేరుగా షార్ట్ అయితే రెప్పపాటే!

వైపర్ మోటారు బిగుసుకున్నా, ఏసీ బ్లోయర్ బుష్‌లు అరిగినా, రేడియేటర్ ఫ్యాన్ బరువుగా తిరిగినా ఇలాగే మెల్లగా పోతుంది. వెలుగు ఎక్కువ కావాలని కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు తీసేసి 100/90 వాట్లవి వేయించుకున్నా అంతే. రెండు బల్బులకీ కలిపి ఇంతకుముందు పదో వంతో అటూయిటూగా పది ఆంపియర్లు చాలేవి. ఇప్పుడు పదహారు దాటిపోతాయి. అక్కడ పదిహేను ఆంపియర్ల ఫ్యూజే ఉంటే అది ఎన్నాళ్లు మోస్తుంది?

పోయిన ఫ్యూజుని పారేయకుండా ఒకసారి వెలుగులో పెట్టి చూడండి. లోపలంతా నల్లగా మసిబారి, లోహం చిమ్మినట్టుంటే గట్టి షార్ట్. మధ్యలో సన్నగా కరిగి తెగితే ఓవర్‌లోడ్. తీగ బాగానే ఉండి, కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కరిగితే తప్పు ఫ్యూజు బాక్సులోనే! కాలు వదులై, సరిగా పట్టుకోక వేడెక్కుతోందన్నమాట.

చేతులకంటే ముందు నోరు

స్పానర్ పట్టుకునేముందు రెండు పనులున్నాయి. ఒకటి, ఫ్యూజు బాక్సు మూత వెనకో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఆ ఫ్యూజు మీద ఏమేం నడుస్తున్నాయో చూసి కాగితం మీద రాసుకోవడం. ఎర్రలైట్ల ఫ్యూజు పోయిందని డిక్కీ అంతా విప్పుతాం. తీరా చూస్తే తప్పు ముందు బంపరు దగ్గరి చిన్నలైటు వైరులో ఉంటుంది. రెండూ ఒకే ఫ్యూజు మీదున్నాయని ముందే తెలిస్తే ఆ తిప్పలుండవు.

రెండోది, 'ఈమధ్య కారుకి ఏం చేయించారు?' అన్న ప్రశ్న. అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ మొదట అడిగేది ఇదే. కొత్త స్టీరియో పెట్టించారా? రివర్స్ కెమెరా బిగించారా? సీటు కవర్లు మార్చారా? బంపరుకి రంగు వేయించారా? సగం సందర్భాల్లో తీగ లాగితే డొంకంతా ఇక్కడే కదులుతుంది. సీటు కవరు బిగించినవాడి స్క్రూ వైరు కట్టలోంచి దిగి ఉండొచ్చు. డెంటింగ్ చేసినవాడు విప్పిన వైరు కట్టని తిరిగి క్లిప్పులో పెట్టకుండా వదిలేసి ఉండొచ్చు.

ఫ్యూజు చోట బల్బు

ఇక అసలు వేట. ఒక్కో పరీక్షకీ ఒక్కో ఫ్యూజు కాలుస్తూ పోతే పెట్టె ఖాళీ అవుతుంది కానీ తప్పు దొరకదు. ఆటోనగర్లలో 'సెల్ఫ్, డైనమో, వైరింగ్' అని బోర్డు పెట్టుకున్న పాతకాపులకి దీనికో చిట్కా తెలుసు. ఇళ్లలో కరెంటు పనిచేసేవాళ్లు, రేడియో మెకానిక్కులు వాడే సిరీస్ బల్బు లాంటిదే ఇది.

పోయిన ఫ్యూజు ప్లాస్టిక్‌ని పగలగొట్టి, రెండు కాళ్లకీ రెండు వైర్లు సోల్డరింగ్ చేస్తారు. వాటి చివర హోల్డర్ బిగించి, బ్రేకు లైటుకి వాడే 21 వాట్ల బల్బు పెడతారు. ఫ్యూజు ఉండాల్సిన చోట ఈ కాళ్లు గుచ్చుతారు. అంతే! ఇప్పుడు ఎంత గట్టి షార్టున్నా ఆ బల్బు దాటి రెండు ఆంపియర్లకి మించి పోలేదు. వైరు కాలదు, ఫ్యూజు ఖర్చూ లేదు. పైగా షార్టున్నంతసేపూ బల్బు ధగధగా వెలుగుతూ 'ఉంది, ఉంది' అని చెబుతూనే ఉంటుంది. షార్టు విడిపోగానే ఆరిపోతుంది. (బల్బు బాగా వేడెక్కుతుంది. కార్పెట్‌కో, ప్లాస్టిక్‌కో ఆనించకూడదు.)

మన ఎర్రలైట్ల కారుకే దీన్ని పెట్టి చూద్దాం. ముందుగా ఆ ఫ్యూజు మీదున్న బల్బులన్నీ తీసేయాలి. వెనకవి, ముందువి, నంబరు ప్లేటుది. ఎందుకంటే అవి ఉంటే షార్టు లేకపోయినా పరీక్ష బల్బు వెలుగుతుంది. తీసేయగానే ఆరిపోయిందా? తప్పు బల్బుల్లోనో హోల్డర్లలోనో ఉంది. రెండు ఫిలమెంట్ల బల్బులో ఒకటి తెగి రెండోదాని మీద పడటం, లైటు డోములోకి నీరు దిగి హోల్డరు తుప్పు పట్టడం అరుదేమీ కాదు. మీటర్ల వెనకున్న చిన్నలైట్లు అలాగే ఉన్నాయి కాబట్టి బల్బు ఎర్రగా మినుకుమంటే కంగారు పడక్కర్లేదు.

బల్బులన్నీ తీసినా ఇంకా ధగధగమంటోందా? అయితే షార్టు వైరింగులోనే ఉంది. ఇప్పుడు చేయాల్సింది సగానికి సగం విడగొట్టడం. డ్యాష్‌బోర్డు దగ్గర్నుంచి వెనక్కి వెళ్లే వైర్ల కట్టకి మధ్యలో కప్లర్ ఉంటుంది. దాన్ని విప్పాలి. బల్బు ఆరిందా? తప్పు వెనక సగంలో ఉంది. ఆరలేదా? ముందు సగంలో. అలా తప్పున్న సగాన్ని మళ్లీ సగం చేయాలి. పదహారు భాగాలున్న వైరింగులోనైనా నాలుగు పరీక్షలతో ఏ భాగంలో ఉందో తేలిపోతుంది. గుడ్డిగా ఒకటో భాగం నుంచి విప్పుకుంటూ పోతే పదిహేనుసార్లు విప్పాల్సి రావచ్చు!

మన కారులో తప్పు వెనక సగంలో ఉందని తేలిందనుకుందాం. ఇక ఒకరు బల్బుని చూస్తూ కూర్చోవాలి. ఇంకొకరు వైరు కట్టని అంగుళం అంగుళం కదుపుతూ పోవాలి. ఏమీ లేదు... ఏమీ లేదు... డిక్కీ మూత పైకెత్తగానే బల్బు ఠక్కున ఆరింది. దించగానే వెలిగింది. దొరికింది దొంగ! మూత కీలు దగ్గర, వైర్లు దూరే రబ్బరు గొట్టం లోపల ఉన్నాడు.

దొంగ దాక్కునే చోట్లు

ఆ గొట్టాన్ని జరిపి చూస్తే కథంతా అక్కడే ఉంటుంది. మూత తీసిన ప్రతిసారీ ఆ వైర్లు ఒకేచోట వంగుతాయి. రోజుకి నాలుగుసార్లు చొప్పున చూసినా పదేళ్లలో పద్నాలుగు వేలసార్లకి పైనే. తొడుగు పగుళ్లిచ్చి, లోపలి రాగి బయటపడి, రేకు అంచుకి తగులుతుంది. డోరు కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టాల్లోనూ ఇదే పరిస్థితి.

కదిలేవి, వేడెక్కేవి, తడిసేవి. ఈ మూడు చోట్లూ ముందు చూడాలి. ముందుకీ వెనక్కీ జరిగే సీటు పట్టాల కింద, స్టీరింగు కాలమ్ దగ్గర, సైలెన్సర్‌కి దగ్గరగా వెళ్లే చోట, గేర్‌బాక్సు మీదుండే రివర్స్ లైటు స్విచ్ దగ్గర, రేకుకి చేసిన రంధ్రంలో రబ్బరు బుష్ ఊడిపోయిన చోట. ఫోను ఛార్జింగు పెట్టే సాకెట్ ఫ్యూజు పదేపదే పోతుంటే వైర్లు విప్పకముందు టార్చి వేసి లోపలికి చూడండి. చిల్లర నాణెమో, పిన్నో పడి ఉండొచ్చు!

ఇక ఎలుకలు. రోజులతరబడి కదలని కారు బానెట్ కిందకి చేరి వైర్ల తొడుగుని కొరికేస్తాయి. గింజల పొట్టు, చెత్త, రెట్టలు కనబడితే కొరికింది ఒక వైరే అనుకోకుండా కట్ట మొత్తం చూడాల్సిందే.

అతకడంలోనూ ఉంది

దొరికింది కదా అని నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టేస్తే సరిపోదు. కదిలే చోట చుట్టిన టేపు ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. దెబ్బతిన్న ముక్కని కత్తిరించి, అంతే మందం, వీలైతే అదే రంగు వైరు కొంచెం పొడవుగా కలపాలి. అతుకులు వంగే చోట కాకుండా అటూయిటూ కదలని చోట రావాలి. వేడి చేస్తే ముడుచుకునే స్లీవు ముందే తొడిగి మూయాలి. రబ్బరు గొట్టాన్ని మళ్లీ దాని స్థానంలో కూర్చోబెట్టాలి. అదే గొట్టంలోని మిగతా వైర్లూ అన్నిసార్లే వంగాయి కాబట్టి వాటినీ చూసేయాలి. చివరగా, కంపెనీ చెప్పినన్ని ఆంపియర్ల ఫ్యూజే వేసి, లైట్లన్నీ వేసుకుని గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి రావాలి. అప్పుడే పని అయినట్టు.

హారన్లు, ఫాగ్‌లైట్లు, ఆంప్లిఫయర్ లాంటివి బిగించుకునేవారు ఉన్న వైరుని గీకి అక్కడ కలిపేయనివ్వకండి. బ్యాటరీ దగ్గర్నుంచి వేరే వైరు, బ్యాటరీ పక్కనే దానికో ఫ్యూజు, మధ్యలో రిలే పెట్టించుకోండి. వారంటీ ఉన్న కారైతే ముందు షోరూమువాళ్లని అడగండి.

వీటి జోలికి వెళ్లొద్దు

ఈ బల్బు చిట్కా లైట్లు, హారను, సాకెట్ లాంటి మామూలు దారులకే. పసుపు రంగు తొడుగు, పసుపు కప్లర్లు కనిపిస్తే చేయి పెట్టకండి. చాలా కార్లలో అవి ఎయిర్‌బ్యాగులవి. పొరపాటున కరెంటు తగిలితే మొహం మీదే పేలొచ్చు. ఇంజిన్ కంప్యూటర్‌కి వెళ్లే వైర్లలోనూ బల్బు పరీక్ష పనికిరాదు. నారింజ రంగు కేబుళ్లు హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో ఉంటాయి. అందులో ఉండేది 12 వోల్టులు కాదు, ప్రాణం తీసే వోల్టేజీ. అది శిక్షణ పొందినవారి పనే. కొన్ని కొత్త కార్లలో లైట్ల దారిని కంప్యూటరే కనిపెట్టుకుని, షార్ట్ అయితే తానే ఆపేస్తుంది. స్కానర్ పెడితే ఏ దారిలో తేడా ఉందో చెబుతుంది. అయినా ఆ దారిలో ఏ అంగుళం దగ్గర వైరు ఒరిసిందో వెతకాల్సింది మనిషి కళ్లే.

వెతికినందుకే కూలి

పదేపదే పోయే ఫ్యూజుల కథలో అసలు చిక్కు కారులో కాదు, బేరంలో ఉంది. వైరు అతకడానికి పది నిమిషాలు చాలు. వెతకడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది. 'ఇంత చిన్న ముక్క అతికినందుకు ఇంత డబ్బా?' అంటాం మనం. ఆ మాట నాలుగుసార్లు పడ్డ మెకానిక్కు అయిదోసారి వెతకడు. పెద్ద ఫ్యూజు గుచ్చి, చేతులు దులుపుకొని పంపేస్తాడు. కస్టమరూ సంతోషంగా వెళ్తాడు, కొద్ది రూపాయల్లో పనైపోయిందని!

అందుకే కారు అప్పజెప్పేటప్పుడే చెప్పండి: 'ఫ్యూజు మార్చడం కాదు, ఎందుకు పోతోందో వెతకండి. వెతికినందుకు ఇస్తాను' అని. తిరిగి తీసుకునేటప్పుడు రెండు చూపించమనండి. తప్పు దొరికిన చోటు, వేసిన ఫ్యూజు రంగు. పుస్తకంలో ఎరుపని ఉండి, బాక్సులో ఆకుపచ్చది కనబడితే ఆ కారుని అక్కడినుంచి కదిలించకండి.